మా పిల్లల్లో దొరికిన వైరస్

ఆ ఊరి పేరు నేను రాయను. గద్వాల నుంచి అయిజ పోయే దారిలో తారురోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే వస్తుంది, అంతవరకే చెప్తాను. మా చిన్నమ్మను ఇచ్చిన ఊరు. పేరు బయటికి పొక్కడం వల్ల జరిగిన రభస గురించి చెప్పబోతూ మళ్లీ నేనే ఆ పేరు రాస్తే, అక్కడి ఆడవాళ్లకు నేనిచ్చిన మాటకు విలువ ఉండదు.

నేను పుట్టి పెరిగింది గద్వాలలో. నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. అమ్మా, చిన్నమ్మా పెళ్లిళ్లకు ముందు నుంచీ విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేండ్లకు కూలికి పోయినవాళ్లే. నేను మైక్రోబయాలజీ చదివాను. చదువయ్యాక కొంతకాలం ఒక ప్రైవేటు ల్యాబులో రక్తపరీక్షలు చేసి, పెళ్లయి బిడ్డ పుట్టాక ఒక పరిశోధన ప్రాజెక్టులో చేరాను. ఐదేళ్లలోపు పిల్లల మలం సేకరించి అందులో ఏయే వైరస్‌లు ఉన్నాయో చూడటం ఆ ప్రాజెక్టు పని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు మా బృందానికి వచ్చాయి. మూతకు చిన్న చెంచా అతికించి ఉండే ప్లాస్టిక్ డబ్బీలు, ఐసు ప్యాకులు పేర్చిన పెట్టె, నా స్కూటీ. నా సరంజామా అంతే.

మొదటిసారి ఆ పెట్టెతో చిన్నమ్మ ఇంటికి పోయినప్పుడు ఆమె వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. వచ్చిన పని చెప్పాను. చేట కింద పెట్టి నన్ను కిందికీ మీదికీ చూసింది.

"గంత సదువు సదివి పియ్యి డబ్బీలు మోస్తున్నవా బిడ్డా?"

"మోస్తున్న చిన్నమ్మా."

"మీ అమ్మకు ఎర్కేనా?"

"ఎర్కే."

"ఏమన్నది?"

"చేతులు మంచిగ కడుక్కోమన్నది."

చిన్నమ్మ పగలబడి నవ్వింది. ఆ నవ్వుతోనే కొంగు దులుపుకొని లేచి, చిన్నపిల్లలున్న ఇండ్లన్నీ తనే తిప్పింది. భర్త పోయి చాలా కాలమైంది ఆమెకు. కొడుకూ కోడలూ బొంబాయిలో బిల్డింగు పనుల్లో ఉంటారు. వాళ్ల కూతురు వనపర్తిలో హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. ఊళ్లో పెళ్లికీ చావుకీ చిన్నమ్మ ముందుంటుంది కాబట్టి ఆమె వెంట ఎవరొచ్చినా కాదనరు. కిరాణా కొట్టు నడిపే ఒక ముస్లిం పెద్దామె మాత్రం మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని నిలదీసింది.

"మా పోరని పేరు పేపర్ల గిట్ల పడదు గదా?"

"పడదు ఖాలా. పిల్లల పేర్లు రాయం, ఊరి పేరు రాయం. డబ్బీ మీద నంబరొక్కటే ఉంటది."

"అట్లయితే సరే" అని ఆమె డబ్బీ తీసుకుంది. మిగతా తల్లులూ తీసుకున్నారు.

ఇక్కడ కొంచెం ఆగి మేం వెతుకుతున్నదేమిటో చెప్పాలి. వెనుకట ఏదైనా జబ్బు వస్తే, ఆ జబ్బుకు కారణమైన క్రిమి కోసం వెతికేవాళ్లు. ఇప్పుడున్న యంత్రాలు అలా కాదు. ఇచ్చిన నమూనాలో ఉన్న జన్యుపదార్థాన్నంతా చదివేసి, ఎవరూ అడగనివాటిని కూడా బయటపెడతాయి. అట్లా ఈ మధ్య సంవత్సరాల్లో మనిషి ఒంట్లో కొత్తకొత్త వైరస్‌లు ఎన్నో కనబడ్డాయి. వాటిలో కొన్ని ఏ ఖండంలో చూసినా పెద్దవాళ్లలో చాలామందికి ఉంటాయి, ఏ బాధా పెట్టకుండా. కొన్ని మాత్రం ఒక దేశపు పిల్లల్లో విరివిగా దొరుకుతాయి, ఇంకో దేశంలో ఎంత వెతికినా అరుదు. ఎందుకలా అన్నదానికి ఒకే జవాబు లేదు. నీళ్లు కారణం కావచ్చు, ఇరుకు ఇళ్లు కావచ్చు, పరీక్ష చేసిన పద్ధతి కావచ్చు. అసలు ఆ రెండో దేశంలో సరిగా వెతికారా లేదా అన్నది కూడా కావచ్చు.

వర్షాలు మొదలైన రోజుల్లో హైదరాబాద్ నుంచి మా ప్రాజెక్టు పెద్ద, మేం మేడం అని పిలిచే ఆవిడ, ఫోన్ చేశారు. మా చిన్నమ్మ ఊరి పిల్లల డబ్బీల్లో ఒక వైరస్ బాగా కనిపిస్తోందని చెప్పారు. ఇటీవలి కాలంలో కనుగొన్నదే. పోలియో వైరస్ కుటుంబంలో పుట్టిందే గానీ దూరపు చుట్టం. ఇంటిపేరు కలిసినంత మాత్రాన గుణాలు కలవవు. మన దిక్కు దేశాల్లో, ఆఫ్రికాలో కొన్ని చోట్ల పిల్లల్లో ఇంతకుముందే చూశారు, చల్లని ధనిక దేశాల్లో తక్కువగా చూశారు. విరేచనాలైన పిల్లల్లోనూ ఉంది, ఏ జబ్బూ లేని పిల్లల్లోనూ ఉంది. అందుకని అది జబ్బు చేస్తుందని ఎవరూ తేల్చలేదు. మా డబ్బీల్లో దొరికినవైతే ఎక్కువగా ఆడుతూ పాడుతూ ఉన్న పిల్లలవే.

తర్వాత గద్వాలలో ఒక సమావేశం జరిగింది. అధికారులు, డాక్టర్లు, పత్రికలవాళ్లు కొందరు వచ్చారు. మేడం తెరమీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడారు. ఊరి పేరు ఎక్కడా చెప్పలేదు, మండలం పేరు మాత్రం చెప్పారు. ఆ మండలంలో మేం తిరిగింది ఒక్క ఊరే. నా స్కూటీ ఎటు పోయిందో చూసినవాళ్లు మండలంలో లేకపోలేదు.

మర్నాడు పొద్దున ఫోన్లలో వీడియో తిరిగింది. ఒక యూట్యూబ్ ఛానెల్ కుర్రాడు చేసింది. గద్వాల జిల్లాలో పోలియో లాంటి కొత్త వైరస్ అని ఎర్రటి అక్షరాలు, వెనక గుండెలు బాదే సంగీతం, కింద ఊరి పేరు. అతని నంబరు సంపాదించి ఫోన్ చేశాను.

"తమ్మీ, ఆ వీడియో తీసెయ్."

"ఎందుకక్కా? నేనేమన్న అబద్ధం జెప్పిన్నా? వైరస్ ఉన్నదా లేదా?"

"ఉన్నది."

"కొత్తదా కాదా?"

"కొత్తగ కనిపెట్టిండ్రు. కొత్తగ వచ్చింది కాదు."

"రెండూ ఒకటే గదా."

"మీ అవ్వకు ఆధార్ కార్డు ఎప్పుడొచ్చింది?"

"నేను స్కూల్ల ఉన్నప్పుడు" అన్నాడు.

"మీ అవ్వ పుట్టింది అప్పుడేనా?"

అతను నవ్వాడు. బాగా చెప్పావక్కా అన్నాడు. వీడియో మాత్రం తీయలేదు. అది ఈ రోజుకీ అక్కడే ఉంది.

సీడు పత్తికి క్రాసింగు మొదలయ్యే సమయమది. మగపూలు కోసుకొచ్చి ఆడపూలకు ఒక్కొక్కదానికీ చేత్తో పుప్పొడి రాయాలి. పువ్వు వాడితే పని పోయినట్టే. ఆ పనికి తెల్లారక ముందే ఊరి ఆడవాళ్లను ట్రాలీ ఆటోల్లో తీసుకుపోతారు. వీడియో వచ్చిన మూడోనాడు ఆటోలు రాలేదు. మేస్త్రికి ఫోన్ చేస్తే, "రైతులు వద్దంటుండ్రమ్మా, నేనేం జేద్దు" అన్నాడట. పాలకేంద్రంలో ఆ ఊరి క్యాన్లు పక్కన పెట్టారు. కరోనా కాలంలో చేసినట్టే పక్క ఊరివాళ్లు కొందరు దారికి అడ్డంగా తుమ్మకంప వేశారు. చిన్నమ్మ మనవరాలు ఇంటికొచ్చి తిరిగి హాస్టలుకు పోతే గేటు దగ్గరే ఆపి, డాక్టరు సర్టిఫికెట్ తెచ్చేదాకా ఇంట్లో ఉండమని పంపేశారు.

ఆదివారం, వస్తున్నానని చిన్నమ్మకు ముందే చెప్పి, నేను ఊరికి పోయాను. దారిలో తుమ్మకంప లేదు. చర్చి ముందు రేకుల పందిరి కింద ప్రార్థన అయిపోయి ఆడవాళ్లు ఇంకా కూర్చునే ఉన్నారు. చర్చికి రాని ఇండ్లవాళ్లు కూడా నా కోసమే వచ్చి కూర్చున్నారు. కిరాణా కొట్టు పెద్దామె అందరికంటే ముందు ఉంది. ఎవరూ రమ్మనలేదు, కూర్చోమనలేదు. నేనే చెప్పులు విడిచి వాళ్ల మధ్య కూర్చున్నాను.

"కంప ఎవరు తీసిండ్రు?" అని అడిగాను, ఎలా మొదలుపెట్టాలో తెలియక.

"మేమే" అంది చిన్నమ్మ. "గుంజుకొచ్చి పొయ్యిల పెట్టినం. నీళ్లు మంచిగ కాగినయ్." ఎవరూ నవ్వలేదు. "అది సరే. పేరు రాయం అంటివి. మరి టీవీల మా ఊరి పేరు ఎట్లొచ్చింది?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పేరు మేం చెప్పలేదు, కానీ మండలం పేరు చెప్తే ఊరు తెలిసిపోతుందని ముందే ఆలోచించాల్సింది. మేడం ఆ విషయం ఒప్పుకున్నారు, ఇకమీద మండలాల పేర్లు కూడా వాడబోమని అన్నారు.

"ఇగ వాడకపోతే ఏంది, వాడితే ఏంది. పోయింది గదా" అంది ఒక చంటిపిల్ల తల్లి. "మా పిల్లలకు ఏమైతది? అది చెప్పు ముందుగాల."

"ఏం గాదు. నాకు తెల్సినకాడికి ఏం గాదు. ఇది మీ పిల్లలకు నిన్న మొన్న వచ్చింది కూడా గాదు. మనం చిన్నగున్నప్పుడు మనకూ ఉండొచ్చు. అప్పుడు చూసే మిషిన్లు లేకుండె."

"గద్వాల పిల్లలకు లేదా?"

"తెల్వదు. ఇంకా చూడలే."

"వనపర్తిల?"

"చూడలే."

"మరి మా ఊర్లనే ఉన్నదని ఎట్లన్నరు?"

"ముందుగాల మీ ఊర్లనే చూసినం గనుక."

నాకు అప్పుడే ఇంకో సంగతి చెప్పక తప్పలేదు. మళ్లీ రెండోసారి ఈ ఊరి నుంచి మరిన్ని డబ్బీలు తెమ్మని పైనుంచి చెప్పారు. ఆ మాట చెప్పగానే పెద్దామె లేచి నిలబడింది.

"ఒక్క డబ్బీ ఇయ్యం. మా పోరల పియ్యి తీస్కపోయి మాకే పూసిండ్రు. ఇప్పుడు ఇంకింత గావాల్నంట."

చిన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నావైపు తిరిగి, ఒక్కో మాట ఆపి ఆపి చెప్పింది.

"ఇయ్యం అని అంటలేం. ముందు గద్వాల బంగ్లాలకు పో. మొన్న మీటింగుల కూసున్న సార్ల ఇండ్లకు పో. వాండ్ల పిల్లలు గూడ దొడ్డికి పోతరు గదా. వాండ్లయి తీస్కొని, చూసి, అప్పుడు రా. అప్పటిదాంక మా ఊరికి నువ్వు బిడ్డ లెక్కనే రా, అన్నం తిని పో. డబ్బీ మాత్రం తేకు."

బెదిరించినట్టు లేదు, బతిమాలినట్టూ లేదు. అది షరతు. నేను మేడానికి ఫోన్ చేసి ఆ షరతును తెలుగులోనే, ఆమె మాటల్లోనే చెప్పాను. మేడం, పట్టణాల్లో సేకరణ వచ్చే ఏడాదికి అనుకున్నామనీ దాన్నే ముందుకు జరుపుదామనీ అన్నారు.

దానికంటే ముందు హాస్టలు పని ఉంది. ఆ సోమవారం చిన్నమ్మ, మనవరాలు, నేను బస్సులో వనపర్తి పోయాం. గేటు దగ్గర మళ్లీ ఆపారు. చిన్నమ్మ పిల్ల ట్రంకుపెట్టె గేటుకు ఆనించి పెట్టి దానిమీద కూర్చుంది. ప్రిన్సిపాల్ మేడం చాలాసేపటికి బయటికొచ్చారు. చెడ్డమనిషి కాదు, భయపడుతున్న మనిషి.

"తల్లిదండ్రులు పొద్దున్నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారమ్మా. ఒక్క సర్టిఫికెట్ తెస్తే నేనూ వాళ్లకు చూపిస్తాను."

"ఏమని రాయాలె మేడం సర్టిఫికెట్ల?" అని అడిగింది చిన్నమ్మ.

"వైరస్ లేదని."

నేను కల్పించుకున్నాను. "ఆ వైరస్‌కు ఏ దవాఖానలోనూ పరీక్ష లేదు మేడం. పరిశోధన ల్యాబుల్లోనే ఉంది. పైగా మేం చూసింది ఐదేళ్లలోపు పిల్లల్ని. ఈ పిల్ల తొమ్మిదో తరగతి. ఈమెను ఎవరూ పరీక్షించలేదు. ఊరి పేరు చూసి ఆపారు, అంతే. లేదని కాగితం కావాలంటే మీ హాస్టల్లో పిల్లలందరికీ తీసుకుందాం, మీకూ నాకూ కూడా."

"అందరికీ ఎందుకమ్మా? మాలో దొరికితే?"

"దొరికితే దొరికిందని తెలుస్తుంది. మీరు రేపు కూడా పాఠాలు చెప్తారు."

ప్రిన్సిపాల్ మేడం గేటు బయట నిలబడ్డ పిల్లవైపు చూశారు. ఆ పిల్ల అప్పటిదాకా తలవంచుకుని ఉన్నది, అప్పుడు తలెత్తి, "మేడం, నాకు రేపు లెక్కల పరీక్ష ఉన్నది" అంది. అంతే అంది. గేటు తీశారు. చిన్నమ్మ ట్రంకుపెట్టె మీదనుంచి లేస్తూ, "దండం మేడం" అని చేతులు జోడించింది గానీ కృతజ్ఞత చెప్పినట్టు లేదు ఆ దండం. వసూలు చేసుకున్నట్టుంది.

తర్వాత నెలలు నేను పట్టణాల్లో తిరిగాను. చెప్పాలంటే పల్లెల్లో తిరగడమే సులువు. గద్వాలలో పెద్ద గేట్లున్న వీధుల్లో కుక్క మొరిగితే లోపలినుంచి ఎవరో కిటికీ తెరిచి, ఏం కావాలని అడిగి, చెప్పగానే మూసేవాళ్లు. "మా ఇంట్ల ఫిల్టరు నీళ్లమ్మా, మా పిల్లలకు అట్లాంటివి ఉండవు" అని ఒకాయన నాకు ధైర్యం చెప్పాడు. నాగర్‌కర్నూల్‌లో ఒకామె పిల్లవాడి డబ్బీ ఇవ్వడానికి ఒప్పుకుని, సాయంత్రం భర్త వచ్చాక ఫోన్ చేసి వద్దంది. వనపర్తిలో పిల్లల డాక్టరు ఒకాయన భార్య మాత్రం, నేను చెప్పింది పూర్తిగా విని, లోపలికి పోయి మూడేళ్ల కొడుకును చూపించి, "రేపు పొద్దున రండి, వీడు ఆలస్యంగా లేస్తాడు" అంది. ఆమె ఇచ్చిందని తెలిసి ఆ వీధిలో ఇంకొందరిచ్చారు. అట్లా ఒక్కో గేటూ తెరుచుకుంది.

అందరికంటే ముందు నేను ఇచ్చింది నా బిడ్డది. అప్పటికి దానికి రెండేళ్లు నిండలేదు. డబ్బీ మీద నంబరు వేస్తుంటే మా ఆయన చూశాడు. ఆయన గద్వాలలో చీరల దుకాణంలో పనిచేస్తాడు.

"మనదెందుకు? ఊర్ల ఇంతమంది ఉండంగ."

"ఊర్ల ఇంతమందిని అడుగుతున్న గనుకనే."

"దొరికితే ఏం జేస్తవు?"

"అందరికీ చెప్త."

ఆయన ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. అయినా నేను డబ్బీ పంపాను.

ఫలితాలు వచ్చాయి. పెద్ద గేట్ల వెనకా ఉంది, మగ్గాల ఇళ్లల్లోనూ ఉంది. వనపర్తి డాక్టరుగారి కొడుకులోనూ ఉంది, వాడు గంతులేస్తూనే ఉన్నాడు. ఒక చోట కొంచెం ఎక్కువ, ఒక చోట కొంచెం తక్కువ. ఏ పేటా ఖాళీ లేదు. నా బిడ్డ నంబరు ఎదురుగా కూడా వైరస్ ఉన్నట్టే వచ్చింది. భయపడతాననుకున్నాను, కానీ వచ్చింది కోపం. ఇంత మామూలు విషయానికా ఆ ఊరి ఆడవాళ్లను పనిలోంచి ఆపింది, ఆ పిల్లను గేటు బయట నిలబెట్టింది.

గద్వాలలో మళ్లీ సమావేశం పెట్టారు. ఈసారి చిన్నమ్మను, పెద్దామెను నేనే వెంటబెట్టుకుపోయాను. మేడం వివరాలు చెప్పాక, ముందు వరుసలో ఉన్న ఒక అధికారి, "పట్టణాల సంగతి బయట పెట్టకపోవడం మంచిదేమో, జనం అనవసరంగా కంగారుపడతారు" అన్నాడు. నేను వెనక వరుసలోంచి లేచాను. మాట్లాడమని నన్నెవరూ పిలవలేదు.

"సార్, పల్లె పేరు బయటికొచ్చినప్పుడు జనం కంగారు గురించి ఎవరూ అడగలేదు. నేను గద్వాలలోనే ఉంటాను. నా బిడ్డకు ఆ వైరస్ ఉంది. మీరు రాసుకోవచ్చు, వీడియో తీసుకోవచ్చు. ఇప్పుడు మా వీధికి కంప ఎవరు వేస్తారో నేను చూస్తాను."

ఆ ఛానెల్ కుర్రాడు ఫోన్ పట్టుకుని తీస్తున్నాడు. పెద్దామె పక్కనుంచి నా కొంగు లాగి, "కూసో బిడ్డా, చాలు" అని మెల్లగా అంది.

సాయంత్రానికి ఆ వీడియో కూడా ఊరంతా తిరిగింది. మా ఆయన దుకాణంలో యజమాని అడిగాడట, నిజమేనా అని. "నిజమే, మీ మనవనికి గూడ ఉండొచ్చు" అన్నాడట మా ఆయన. ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్తూ మొదటిసారి నవ్వాడు. మా వీధికి ఎవరూ కంప వేయలేదు.

ఆ ఊరికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. సీడు పత్తి పూలు ఎవరి కోసమూ ఆగవు కాబట్టి ఆటోలు వాటంతటవే తిరిగొచ్చాయి. మొదటి రోజు మేస్త్రి హారన్ కొడితే ఆడవాళ్లు ఎవరూ ఎక్కలేదట. ఆగిన రోజుల సంగతి తేల్చమని నిలబడ్డారు. రైతులు దిగొచ్చి కూలి పెంచాకే ఎక్కారు. పాలకేంద్రంవాళ్లు క్యాన్లు తీసుకోవడం మొదలుపెట్టారు, ఎప్పుడూ ఆపనట్టే.

ఇంకొకటి దాచకుండా చెప్పాలి. ఆ ఊరి పిల్లల్లో ఆ వైరస్ పట్టణంకంటే కొంచెం ఎక్కువే కనబడింది. నేను దాన్ని తక్కువ చేసి చెప్పను. తాగే నీళ్ల పైపు మురికికాలువలోంచి పోతున్న ఊరు అది. పైపు పగిలితే రెండూ కలుస్తాయి. నమూనాలు ఇవ్వడానికి మళ్లీ ఒప్పుకున్న రోజున ఈ సంగతి పందిరి కింద వివరంగా చెప్పాను. వాళ్లు సిగ్గుపడలేదు. వారం తిరగకుండా బిందెలతో మండల ఆఫీసు మెట్లమీద కూర్చున్నారు. చిన్నమ్మ అక్కడి సారుతో, "మా పిల్లల కడుపుల ఏమున్నదో దేశమంత తెల్సింది. మా కాలువల ఏమున్నదో మీరు వచ్చి చూడుండ్రి" అందట. చాలాసార్లు తిరిగాక పైపు మార్చారు. ఊరు మొత్తం కాదు, సగం ఊరికి. మిగతా సగం కోసం ఇంకా తిరుగుతున్నారు.

మా ఫలితాలు ఇతర దేశాల పరిశోధకులు తమవాటితో కలిపి చూస్తున్న రోజుల్లో, కంప్యూటర్‌లో ఒక సమావేశానికి మేడం నన్నూ కూర్చోబెట్టారు. తెరమీద ప్రపంచపటం వేశారు. వైరస్ ఎక్కువ దొరికిన చోట ముదురు ఎరుపు, దొరకని చోట తెలుపు. మా జిల్లాల దగ్గర ఎర్రటి మచ్చ. చుట్టూ కర్నూలు, రాయచూరు, మిగతా దేశం చాలావరకు, ఎన్నో దేశాలు తెల్లగా ఉన్నాయి. చూసేవాళ్లకు మేమొక పుండులా కనబడతాం.

నా ఇంగ్లీషు అంత గొప్పది కాదు. అయినా అడిగాను. ఆ తెలుపులో వెతికితే దొరకని చోట్లెన్ని, అసలు వెతకని చోట్లెన్ని అని. ఎక్కువ భాగం వెతకనివే అన్నారు. పటం కింద చిన్న అక్షరాలతో ఆ గమనిక రాశామన్నారు, మర్యాదగానే.

"మా ఊరి దారికి కంప వేసినవాళ్లు చిన్న అక్షరాలు చదివి వేయలేదు" అన్నాను. "చూడని చోటుకూ లేని చోటుకూ ఒకే రంగు వేయొద్దు. వేస్తే మా డబ్బీలు అందులో వాడొద్దు."

అలా అనే అధికారం నాకు లేదు. నా పక్కన కూర్చున్న మేడానికి ఉంది. ఆమె మైకు దగ్గరికి వంగి, "మా బృందం మాట అదే" అన్నారు. చాలాసేపు వాదన జరిగింది. చివరికి చూడని చోట్లన్నిటికీ గీతలు కొట్టిన బూడిదరంగు వేయడానికి ఒప్పుకున్నారు. ఆ తర్వాత వచ్చిన పటంలో ప్రపంచం చాలా భాగం బూడిదరంగులో ఉంది. మాది ఇప్పటికీ ఎరుపే. ఆ ఎరుపు గురించి నాకేమీ బాధ లేదు. మేం వెతికాం, దొరికింది, చెప్పాం.

ఈ మధ్య మా పని అమ్రాబాద్ వైపు మొదలైంది. అడవి అంచున ఒక తండాలో తల్లుల్ని కూర్చోబెట్టి డబ్బీలు చూపించాను. ఈసారి ముందే చెప్పాను, ఏదో ఒక వైరస్ దొరకడం ఖాయమనీ, దొరికితే ఏమవుతుందో, ఏం కాదో కూడా. ఒక పడుచుపిల్ల చంకలో బిడ్డనెత్తుకుని చివరిదాకా విని, అనుమానంగా అడిగింది.

"దొరికినంక మా తండా పేరు టీవీల పెడితే?"

"పెట్టరు. పెడితే నేనొచ్చి మీతోటి కూసుంట."

"యాడ కూసుంటవు?"

"మీరు యాడ కూసుంటే ఆడ."

ఆమె ఇంకా నమ్మినట్టు లేదు. నమ్మాల్సిన పని కూడా లేదు. చెయ్యి చాపి డబ్బీ తీసుకుని, మూత తిప్పి, లోపలి చెంచాను కాసేపు పరీక్షగా చూసింది.